యతీము కడుపు నిండితే సరిపోతుందా?

2025 నవంబరు 17వ తేదీ ఉదయం హైదరాబాదు ముహల్లాల్లో ఒకటే వార్త. ఉమ్రా యాత్రికులతో మక్కా నుంచి మదీనాకు బయలుదేరిన బస్సు మదీనా సమీపంలో డీజిలు ట్యాంకరును ఢీకొని కాలిపోయింది. నలభై మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు మన హైదరాబాదు వారే. ఒకే కుటుంబానికి చెందిన మూడు తరాల వారు ఆ బస్సులో ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం మృతుల కుటుంబాలకు ఐదేసి లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. ప్రతినిధి బృందాన్ని సౌదీ అరేబియాకు పంపింది. మృతులను మదీనాలోనే, జన్నతుల్ బఖీలో ఖననం చేశారు. అల్లాహ్ వారందరినీ క్షమించి తన కారుణ్యంలోకి తీసుకొనుగాక, ఆమీన్.

ఇటువంటి మరణం సంభవించినప్పుడు పరామర్శకు వచ్చినవారు అనే మాట మనందరికీ తెలిసిందే. బఖీలో చోటు దొరకడం కంటే అదృష్టం ఏముంటుంది, సహాబీల పక్కన పడుకున్నారు, ఏడవకండి అంటారు. ఈమాన్ ఉన్న పెద్దవారి గుండెకు ఈ మాట నిజంగానే ఊరట. కాని ఇంట్లో ఒక మూల నిలబడి ఈ మాట వింటున్న పదేళ్ల బిడ్డ సంగతి ఏమిటి? ఆ బిడ్డ జనాజా చూడలేదు. ముఖం చూడలేదు. పిడికెడు మట్టి వేయలేదు. విమానాశ్రయంలో చెయ్యి ఊపి వెళ్లినవారు తిరిగి రాలేదు, అంతే. ఇది ఒక్క ఉమ్రా ప్రమాదానికి సంబంధించిన విషయం కాదు. కడప, రాయచోటి, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతాల నుంచి గల్ఫు దేశాలకు పనికి వెళ్లి అక్కడే కన్నుమూసినవారి ఇళ్లల్లో ఇది ఏళ్ల తరబడి జరుగుతున్నదే. కాగితాలన్నీ పూర్తయి పెట్టె ఊరు చేరేసరికి ఒక్కొక్కసారి వారాలు గడుస్తాయి. కొందరిని అక్కడే ఖననం చేస్తారు. తండ్రిని రెండేళ్లకొకసారి మాత్రమే చూసిన బిడ్డకు, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడా, లేడా అన్న తేడా ఎలా తెలియాలి?

కొన్ని లెక్కలు చూడండి. 2023లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1 లక్షా 72 వేలకు పైగా ఉన్నారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపువారు. అంటే ఇంట్లో చిన్నపిల్లలుండే వయసు. అంతకు ముందు కోవిడ్ వచ్చింది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ సుప్రీంకోర్టుకు సమర్పించిన వివరాల ప్రకారం 2020 ఏప్రిల్ 1 నుంచి 2022 జనవరి 11 వరకు, కోవిడ్ వల్లనైనా ఇతర కారణాల వల్లనైనా తల్లిదండ్రుల అండ కోల్పోయిన పిల్లలు 1,47,492 మంది. వీరిలో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నవారు 10,094 మంది కాగా, ఒకరిని పోగొట్టుకున్నవారు 1,36,910 మంది. ఆంధ్రప్రదేశ్ నుంచి నమోదైన పిల్లలే 8,760 మంది. ఆనాడు ఏడెనిమిదేళ్ల పిల్లలు ఈనాడు మీసాలు మొలిచే వయసుకు వచ్చారు. ఇంట్లో ఎందుకో తెలియని కోపంతో తలుపులు దబాలున వేస్తున్నారు. ఆ కోపానికీ ఆనాటి మరణానికీ సంబంధం ఉండవచ్చునని మనలో ఎంతమందికి తోస్తున్నది?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనలేము. 2021 మే నెలలో ప్రకటించిన పి.ఎం. కేర్స్ బాలల పథకం కింద, కోవిడ్ వల్ల తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లలకు 23 ఏళ్లు నిండేసరికి 10 లక్షల రూపాయలు అందే ఏర్పాటు జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అదే నెలలో అటువంటి పిల్లల పేరిట 10 లక్షల డిపాజిట్ ప్రకటించింది. మిషన్ వాత్సల్య కింద, ఆదుకునే దిక్కులేని పిల్లలకు, వితంతువుల పిల్లలతో సహా, నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. ఈ సంగతి తెలియని ముస్లిం వితంతువులు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. చదువుకున్న యువకులు వారి చేత దరఖాస్తు పెట్టించడం గొప్ప సేవ. బాలల కమిషన్ 2020లోనే ‘సంవేదన’ పేరుతో ఫోను ద్వారా ఓదార్పు సేవ కూడా ప్రారంభించింది. అయినా మొత్తం మీద చూస్తే పథకాల బరువంతా డబ్బు వైపే ఉంది. డబ్బు అక్కర్లేదని ఏ మూర్ఖుడూ అనడు. బియ్యం లేని ఇంట్లో ఓదార్పు గురించి ఉపన్యాసం ఇవ్వడం కంటే పాపం లేదు. కాని బియ్యం చేరిన తర్వాత కూడా ఆ బిడ్డ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడే, దానికి మనం పేరు పెట్టలేకపోతున్నాం.

మన సమాజంలోనూ ఇదే వరస. యతీము అనగానే మనకు గుర్తుకొచ్చేవి రేషను కిట్టు, రమజాన్ బట్టలు, స్కూలు ఫీజు. పిల్లలను వరుసగా నిలబెట్టి, చేతిలో సంచి పెట్టి, దాత పక్కన ఫోటో తీయించడం ఈ మధ్య మరీ ఎక్కువైంది. ఆ ఫోటో మర్నాడు తరగతిలోని పిల్లలందరి ఇళ్లలోనూ ఫోన్లలో తిరుగుతుంది. యతీమును కసరి కొట్టవద్దని దివ్య ఖుర్ఆన్ ఆదేశం. అది చేతికి మాత్రమే వర్తించే ఆదేశమా, కెమెరాకు వర్తించదా అని ఉలమా చర్చించవలసిన కాలం వచ్చింది.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం ఉంది. మన ఫిఖ్హ్ పరిభాషలో యతీము అంటే యుక్తవయసు రాకముందే తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ. తల్లి పోయిన బిడ్డ ఈ నిర్వచనంలోకి రాడు. యుక్తవయసు వచ్చాక యతీమీ ఉండదని కూడా హదీసులో ఉంది. ఈ హద్దులు ఎందుకు వచ్చాయి? ఆస్తి ఎవరు చూడాలి, పోషణ ఎవరిది, ఎప్పుడు ఆస్తి చేతికివ్వాలి అన్న ప్రశ్నలకు జవాబుగా వచ్చాయి. సూరా నిసా ప్రారంభ వాక్యాలు చదివితే ఆ సందర్భం స్పష్టంగా తెలుస్తుంది. అంతే తప్ప, తల్లి పోయిన తొమ్మిదేళ్ల ఆడబిడ్డకు దుఃఖం లేదని గాని, పదహారేళ్ల కుర్రవాడికి ఏడ్చే హక్కు లేదని గాని ఏ ఫఖీహూ చెప్పలేదు. మనమే ఆ నిర్వచనాన్ని తీసుకువచ్చి మనసు మీద కూడా వేశాం. తల్లి పోయిన పిల్లకు ఏ సంస్థ రిజిస్టరులోనూ పేరుండదు. మూడు నెలలకు ఇంటికి కొత్త అమ్మ వస్తుంది, పాత అమ్మ పేరెత్తితే ఇంట్లో అందరి ముఖాలూ మాడిపోతాయి. పదహారేళ్ల కొడుకుకైతే జియారత్ రోజునే చాచా భుజం తట్టి, ‘ఇక ఇంటికి పెద్దవు నువ్వే బేటా, అమ్మీని చూసుకోవాలి’ అంటాడు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కాని ఆ క్షణం నుంచి ఆ కుర్రవాడు తన అబ్బా కోసం ఏడవడానికి చోటు లేకుండా పోతుంది. నెల తిరగకముందే మెకానిక్ షెడ్డులోనో, చెప్పుల దుకాణంలోనో కనిపిస్తాడు.

ఈ సందర్భంలోనే ఒక మాట. తాత బతికి ఉండగా తండ్రి పోతే, తండ్రి సోదరులున్నచోట మనుమలకు తాత వారసత్వంలో వాటా రాదు. తాత తన ఆస్తిలో మూడింట ఒక వంతు వరకు వసీయత్ రాసి ఈ లోటు తీర్చడానికి షరీఅత్ తలుపు తెరిచే ఉంచింది. ఎంతమంది తాతలు రాస్తున్నారు? ఒక రోజు చాచా పిల్లలు ఆటలో పోట్లాడుకుంటూ, ఈ ఇల్లు మీది కాదంట అంటారు. ఆ మాట విన్న బిడ్డకు అబ్బా రెండోసారి చనిపోయినట్టే. ఆ వసీయత్ కాగితం ఆస్తి పత్రమే కాదు, బిడ్డ మనసుకు మందు కూడా.

ఇక సబర్ సంగతి. దుఃఖంలో ఉన్నవారికి మనం ఇచ్చే మొదటి సలహా సబర్. సరైన సలహాయే. అయితే సబర్ అంటే కన్నీళ్లు మింగడమని మన వాడుకలో స్థిరపడిపోయింది. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తన పసికందు ఇబ్రాహీమ్ చివరి శ్వాస విడుస్తున్నప్పుడు కన్నీరు పెట్టుకున్నారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోయి, తమరు కూడానా అని అడిగితే, ఇది కారుణ్యమని జవాబిచ్చారు. కన్ను వర్షించవచ్చు, గుండె బాధపడవచ్చు, నోరు మాత్రం ప్రభువు అయిష్టపడే మాట అనకూడదన్నది ఆ బోధన సారాంశం. హజ్రత్ యాఖూబ్ (అలై) విషయం సూరా యూసుఫ్‌లో మనం ఎన్నోసార్లు చదివాం. ఆయన అందమైన సహనం వహిస్తానన్నారు, అదే సమయంలో కళ్లు తెల్లబడిపోయేంతగా దుఃఖించారు. రెండూ ఒకే ప్రవక్తలో, ఒకే సూరాలో ఉన్నాయి. ఇంకా ఎన్నాళ్లు యూసుఫ్‌ను తలుస్తావని ఆయనను నిలదీసింది ఎవరంటే సొంత కుటుంబమే. మన ఇళ్లలో ‘ఇక చాలు, నలభై రోజులైంది’ అనే బంధువులు ఎవరి పక్షాన నిలబడుతున్నారో వారే ఆలోచించుకోవాలి.

పిల్లల దుఃఖం పెద్దల దుఃఖం లాంటిది కాదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం పని అయినట్టే. ఐదేళ్ల లోపు బిడ్డకు చావు అంటే ఎన్నటికీ తిరిగి రాకపోవడమని తెలియదు. అబ్బా ఎప్పుడొస్తారని రోజూ అడుగుతాడు. మనం విసుక్కుంటాం. ఆరేడేళ్ల పిల్లవాడికి తన మీదే అనుమానం. ఆ రోజు నేను అమ్మీ మాట వినలేదు, అందుకే పోయింది అనుకుంటాడు. ఎవరికీ చెప్పడు. పిల్లలు గంటల తరబడి ఏడవరు. ఐదు నిమిషాలు ఏడ్చి వెళ్లి గోళీలాడతారు. అది చూసి పెద్దలు ‘వీడికేమీ తెలియదు, అదృష్టవంతుడు’ అంటారు. తెలియక కాదు, అంత బరువును ఒక్కసారిగా మోయలేక మధ్య మధ్య దించుకుంటున్నాడు. కొందరికి దుఃఖం ఒంట్లో కనబడుతుంది. కడుపునొప్పి, తలనొప్పి, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బడికి వెళ్లనని మొండికేయడం. డాక్టరు చూసి ఏమీ లేదంటాడు. పదమూడు, పద్నాలుగేళ్లు దాటినవారిలో కోపం, మౌనం, రాత్రంతా ఫోను, చదువు మీద విరక్తి, కొందరిలో చెడు అలవాట్లు. ఆడపిల్లల్లో మరో రకం చూస్తాం. ఉన్నట్టుండి అతి మంచి పిల్ల అయిపోతుంది, తమ్ముళ్లను చూసుకుంటుంది, వంట చేస్తుంది, నోరెత్తదు. అందరూ మెచ్చుకుంటారు. ఆ పిల్ల గురించే ఎక్కువ భయపడాలి.

అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాల ఆధ్వర్యంలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న 125 మంది బడి పిల్లలను రెండేళ్ల పాటు గమనించారు. విలియం వోర్డెన్ అనే మానసిక శాస్త్రవేత్త ఆ ఫలితాలను 1996లో పుస్తకంగా వెలువరించాడు. దాదాపు మూడింట రెండు వంతుల పిల్లలు ఇంటివారి ప్రేమతోనే కోలుకున్నారు. సుమారు మూడింట ఒక వంతు పిల్లలకు మాత్రం ప్రత్యేక సహాయం అవసరమయ్యే పరిస్థితి కనిపించింది. కొందరిలో ఆ ఇబ్బంది మొదటి ఏడాదిలో కాక రెండో ఏడాదిలో బయటపడింది. అప్పటికి పరామర్శకు వచ్చినవారంతా ఎవరి పనుల్లో వారు పడిపోయి ఉంటారు. మరో ముఖ్యమైన విషయం. బిడ్డ ఎలా కోలుకుంటాడన్నది అన్నిటికంటే ఎక్కువగా, మిగిలిన తల్లి లేక తండ్రి ఎలా ఉన్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుందని తేలింది. అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు ఇదే సూత్రం మీద తల్లికి ఒక బృందం, పిల్లలకు ఒక బృందం పెట్టి పన్నెండు కూటములు జరిపారు. ఏళ్ల తర్వాత చూసినా ఆ పిల్లల్లో కుంగుబాటు తక్కువగా కనిపించింది. ఇందులో పెద్ద యంత్రాలు లేవు, ఖరీదైన మందులు లేవు. బిడ్డ మాట వినడం, రోజువారీ క్రమం చెదరకుండా చూడడం, తల్లీబిడ్డలు కలిసి గడిపే వేళ ఏర్పాటు చేయడం, ఇంతే. మన దగ్గర తండ్రి పోగానే తల్లి ఇద్దత్‌లో నాలుగు నెలల పది రోజులు ఇంటి పట్టున ఉంటుంది. బిడ్డలకు తల్లి దగ్గరగా ఉండే ఈ కాలాన్ని అల్లాహ్ ఇచ్చిన అవకాశంగా మలచుకోవచ్చు. ముహల్లా స్త్రీలు ఆమె వంటా, బజారూ చూసుకుంటే ఆమెకు బిడ్డల ముఖం చూసే తీరిక దొరుకుతుంది. హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనప్పుడు ఆ ఇంటికి వంట చేసి పంపమని దైవప్రవక్త (సఅసం) చెప్పింది అందుకే కదా. వచ్చినవారికి ఆ ఇంట్లోనే బిర్యానీ వండించే మన ఆచారం ఈ సున్నత్‌కు సరిగ్గా తలకిందులు.

ఆ జాఫర్ (రజి) పిల్లల సంగతే ఇంకొంచెం చెప్పాలి. క్రీ.శ. 629లో మూతా యుద్ధంలో ఆయన మరణించిన వార్త తెలియగానే దైవప్రవక్త (సఅసం) స్వయంగా ఆ ఇంటికి వెళ్లారు. పిల్లలను పిలిచి దగ్గరకు తీసుకుని, వారి ఎదుటే కన్నీరు కార్చారు. మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చారు. పిల్లల తలలు చిందరవందరగా ఉండడం చూసి మంగలిని పిలిపించి క్షవరం చేయించారు. ఒక్కొక్క బిడ్డనూ పేరు పెట్టి తలచి, వీడు ఫలానావారి పోలిక, వీడు నా పోలిక అన్నారు. తల్లి వారి యతీమీ గురించి మొరపెట్టుకుంటే, ఇహపరాల్లో వారికి సంరక్షకుడిని నేనుండగా పేదరికానికి భయపడతావా అని అడిగారు. ఈ సంఘటనను చెప్పింది ఆ పిల్లల్లో ఒకరైన అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి). బాల్యంలో తన తల మీద పడిన కత్తెర కూడా ఆయనకు పెద్దయ్యాక గుర్తుంది. నేటి నిపుణులు పుస్తకాలు రాసి చెప్పేది చూడండి: నిజం చెప్పండి, బిడ్డ ఎదుట మీ దుఃఖం దాచకండి, దినచర్య మళ్లీ మొదలుపెట్టండి, నువ్వు ఎవరి పోలికో గుర్తుచేయండి, నిన్ను ఎవరు చూసుకుంటారో స్పష్టంగా చెప్పండి. ఆ ఇంట్లో మూడు రోజుల్లో ఇవన్నీ జరిగాయి. ఇంకొక చిన్న సంఘటన ఉంది. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ అనే పిల్లవాడి పిట్ట చనిపోయింది. వాడు దిగులుగా ఉంటే దైవప్రవక్త (సఅసం) ఆ పిట్ట పేరెత్తి, అదేమైందని వాడిని పలకరించారు. పిట్టే కదా అనలేదు.

కాబట్టి పిల్లలకు ఏం చెప్పాలి? మరణం అన్న మాటే చెప్పాలి. ‘నిద్రపోయారు’ అంటే బిడ్డ నిద్రకు భయపడతాడు. ‘దుబాయి వెళ్లారు’ అంటే నిజం తెలిసిన రోజున ఇంటివారి మీద నమ్మకం పోతుంది. ‘అల్లాహ్‌కు ఇష్టమైనవారిని తొందరగా పిలుచుకుంటాడు’ అన్న మాట పెద్దలకు తీపి, ఏడేళ్ల బిడ్డకు భయం. అమ్మీ కూడా మంచిదే, ఆమెను కూడా పిలుచుకుంటాడా అని ఆలోచిస్తాడు. జనాజా ముందు పిల్లలను పక్కింటికి తరిమేయడం మనకు అలవాటు. చూస్తానన్న బిడ్డకు ముందుగా విషయం చెప్పి, దగ్గర ఒక పెద్దవారిని ఉంచి ముఖం చూపించడం మంచిది. వద్దన్న బిడ్డను బలవంతం చేయకూడదు. గల్ఫు నుంచి, మదీనా నుంచి ముఖం చూసే వీలు లేనప్పుడు అక్కడి ఖబ్రిస్తాన్ ఫోటో అయినా చూపించి, ఎక్కడ ఉన్నారో చెప్పాలి. ఆ తర్వాత బిడ్డకు ఒక పని ఇవ్వాలి. మరణించిన తల్లిదండ్రులకు మంచి సంతానం చేసే దుఆ చేరుతూ ఉంటుందన్న హదీసు ప్రతి మదరసా పిల్లవాడికీ తెలుసు. అబ్బా పేరుతో ఒక మొక్క నాటు, పిట్టలకు నీళ్లు పెట్టు, నమాజు తర్వాత ఆయన కోసం అడుగు అని చెబితే, బంధం తెగలేదన్న ధైర్యం బిడ్డకు వస్తుంది. పాశ్చాత్య నిపుణులు ఇటీవలి దశాబ్దాల్లో కనుగొన్నామని చెబుతున్న సంగతి ఇదే.

ఆత్మహత్య జరిగిన ఇంటి పిల్లల గతి మరీ దయనీయం. ఆత్మహత్య మహాపాపమనడంలో సందేహం లేదు. అయితే అలా మరణించినవారు ఇస్లాం నుంచి బయటకు పోరనీ, వారికి జనాజా నమాజు ఉందనీ అత్యధిక ఉలమా అభిప్రాయం. అప్పుల బాధతో పురుగుమందు తాగిన రైతు బిడ్డ వింటుండగా ‘హరాం చావు’ అని మాట్లాడుకునేవారు ఆ బిడ్డ మీద ఏ బరువు వేస్తున్నారో తెలుసుకోవాలి.

ఇక మదరసాల విషయం. మదరసాలో చదువుకుని, పిల్లలకు పాఠం చెప్పుకుంటూ బతుకుతున్నవాడిని కాబట్టి ఈ మాట అనడానికి నాకు హక్కుందనుకుంటాను. తండ్రి పోయిన ఇంట్లో మొదట తీసుకునే నిర్ణయాల్లో ఒకటి, పెద్ద పిల్లవాడిని హిఫ్జ్‌కు దూరపు మదరసాలో చేర్చడం. భోజనం, వసతి, దీనీ చదువు, తండ్రికి సవాబు. ఉద్దేశం ఉన్నతమైనదే. కాని ఎనిమిదేళ్ల బిడ్డ వైపు నుంచి చూడండి. ఈ నెల అబ్బా పోయాడు. వచ్చే నెల అమ్మీ, ఇల్లు, స్నేహితులు, మేకపిల్ల అన్నీ పోయాయి. అక్కడ సబఖ్ గుర్తుండదు. నిన్న ఒప్పజెప్పిన పేజీ ఈ రోజు మరచిపోతాడు. దుఃఖం జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ తినేస్తుందన్నది వైద్యులంతా ఒప్పుకున్న విషయం. ఉస్తాద్ దానిని బద్ధకమనుకుంటాడు, బెత్తం తీస్తాడు. పారిపోయి రైల్వే స్టేషన్లో దొరికిన పిల్లల కథ వెనుక ఏముందని ఎవరైనా అడిగారా? చేర్చుకునే దరఖాస్తులో తండ్రి పేరు పక్కన ‘మర్హూమ్’ అని రాసి ఉంటే, ఎప్పుడు పోయారు, ఎలా పోయారు, బిడ్డకు ఏం చెప్పారు అన్న మూడు ప్రశ్నలు అడిగితే చాలు, సగం బెత్తాలు కింద పడతాయి. ఆరు నెలలో, ఏడాదో ఇంటి దగ్గరి మక్తబ్‌లో చదివించి తర్వాత పంపవచ్చు. యతీంఖానాలకు కూడా ఇది వర్తిస్తుంది. 2015 బాల న్యాయ చట్టం బిడ్డను సంస్థలో చేర్చడం చివరి మార్గం కావాలంటోంది. మన సంప్రదాయంలోనూ యతీము పెరగవలసింది కుటుంబంలోనే. దైవప్రవక్త (సఅసం) తండ్రిని చూడకుండానే పుట్టారు. ఆరేళ్లకు తల్లిని, ఎనిమిదేళ్లకు తాతను పోగొట్టుకుని, పినతండ్రి అబూ తాలిబ్ ఇంట్లో పెరిగారు. చేతులు మారాయి గాని ఇల్లు లేకుండా పోలేదు.

ఆమిల్‌ల గురించి చెప్పక తప్పదు. బిడ్డ రాత్రిళ్లు అరుస్తుంటే అసర్ అంటారు, సాయా అంటారు. ఆయతుల్ కుర్సీ, చివరి రెండు సూరాలు చదివి బిడ్డ మీద ఊదడం సున్నత్. తల్లి చేయవచ్చు, ఖర్చు లేదు. దానికి వేల రూపాయలు పోసి, నెలల తరబడి తిప్పి, బిడ్డలో తన మీద ఏదో పట్టిందన్న భయం నాటడం సున్నత్ కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడీలో సంకెళ్లతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు. వైద్యం అందవలసిన చోట గొలుసులు వేస్తే జరిగేది అదే. మనసుకు వైద్యం చేయించడం పరాయి సంస్కృతి అని అనుకునేవారు పదో శతాబ్దపు పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీని తెలుసుకోవాలి. శరీరాలకూ మనసులకూ కలిపి ఆయన ఒకే గ్రంథం రాశాడు. ఆప్తులు పోవడం వంటి తెలిసిన కారణంతో వచ్చే దుఃఖం వేరు, కారణం తెలియని దుఃఖం వేరు అని విభజించి, దేనికి మాటలతో ఓదార్పు, దేనికి వైద్యం అని వివరించాడు.

ఎప్పుడు వైద్యుని దగ్గరకు వెళ్లాలి? ఆరు నెలలు దాటినా బిడ్డ చదువు, తిండి, ఆట తిరిగి దారిలో పడకపోతే వెళ్లాలి. చచ్చిపోవాలని ఉంది, అబ్బా దగ్గరకు వెళతానని అంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ నెంబరు 14416. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆపదలో ఉన్న పిల్లలకు 1098 ఉంది. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ‘ఎర్రగడ్డ’ అన్న పేరును మనం తిట్టుగా వాడుకుని ఎంతమంది తల్లులను ఆ గుమ్మం ఎక్కకుండా చేశామో! వైద్యుల కొరత మాత్రం నిజం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నాటికి మన దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. ఉర్దూ మాట్లాడే కౌన్సెలర్లు మరీ అరుదు. డిగ్రీ చదువుతున్న మన ఆడపిల్లలు సైకాలజీ తీసుకుంటామంటే పెళ్లి సంబంధాలు రావని అడ్డుపడే తల్లిదండ్రులు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పు మనకు నేరుగా సంబంధించినది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో ఇది వెలువడింది. బడులు, కళాశాలలు, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లు అన్నింటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరు ఒకరైనా ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ఉపాధ్యాయులకు ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయ నెంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి. తెలంగాణలోని మైనారిటీ గురుకులాలే రెండు వందలకు పైగా ఉన్నాయి. తల్లిదండ్రుల సమావేశాల్లో మెనూ గురించి, మార్కుల గురించి అడుగుతున్నాం. ఈసారి కౌన్సెలరు ఎక్కడని అడగాలి. పెద్ద మదరసాలు ఇది మాకు వర్తిస్తుందా అన్న చర్చ పెట్టుకునే బదులు ముందుగా గోడ మీద ఆ నెంబర్లు రాయించవచ్చు. దానికి కోర్టు అక్కర్లేదు.

డెన్మార్క్‌లో 1990ల నుంచి బడులు ఒక పద్ధతి పెట్టుకున్నాయి. విద్యార్థి ఇంట్లో మరణం జరిగితే ఎవరు ఇంటికి వెళ్లాలి, తరగతికి ఎవరు చెప్పాలి, మొదటి రోజు బిడ్డను ఎవరు గుమ్మంలో కలవాలి అన్నది ముందే కాగితం మీద రాసి ఉంటుంది. ఇప్పుడు అక్కడ దాదాపు ప్రతి బడిలోనూ ఆ కాగితం ఉంది. మన మసీదు కమిటీలకు ఇంతకంటే మంచి అవకాశముంది. ముహల్లాలో ఏ ఇంట్లో జనాజా లేచినా మొదట తెలిసేది మసీదుకే. మయ్యిత్ పేరు రాసే రిజిస్టరులోనే పక్కన ఇంకో గడి గీసి, ఆ ఇంట్లో 18 ఏళ్ల లోపు పిల్లలెందరు, ఏ బడి అని రాసుకోవాలి. మూడో నెల, ఆరో నెల, ఏడాది, రెండో ఏడాది ఒక పురుషుడు, ఒక స్త్రీ వెళ్లి పలకరించి రావాలి. గాజాలో 17 వేల మంది పిల్లలు అయినవారికి దూరమై ఒంటరిగా మిగిలారని 2024 ఫిబ్రవరిలో యూనిసెఫ్ అంచనా వేసింది. మన మసీదుల్లో వారికోసం చేతులెత్తి దుఆ చేశాం, చేయాలి కూడా. అదే సఫ్‌లో, అదే దుఆకు ఆమీన్ అంటున్న పన్నెండేళ్ల పిల్లవాడు గత నెలే తండ్రిని పోగొట్టుకున్నాడేమో పక్కవారికి తెలిసి ఉండాలి.

ఖర్చు సంగతి కమిటీల వారు తప్పక అడుగుతారు. రిజిస్టరుకు ఖర్చు లేదు. పట్నంలోని ఆసుపత్రికి వితంతువు బిడ్డతో వెళ్లి రావడానికి బస్సు చార్జీలు, ఆ రోజు కోల్పోయిన కూలి, అవసరమైతే మందులు, వీటికి ఖర్చుంది. ఆ ఇల్లు జకాత్‌కు అర్హమైనదైతే ఆ సొమ్ము నేరుగా ఆ తల్లి చేతికి ఇవ్వవచ్చు. కౌన్సెలరు జీతం వంటివి జకాత్ నుంచి కాక లిల్లాహ్ సొమ్ము నుంచి ఇవ్వాలా అన్నది స్థానిక ముఫ్తీలను అడిగి, రమజాన్ వసూళ్లు మొదలయ్యే లోపే తేల్చుకుంటే మంచిది.